ఆరువందల గ్రాములు

నెల్లిమర్ల బజార్లో గున్నయ్య సావుకారి కొట్లో
బియ్యం తూచే కాటా ఎక్కి నిలబడింది మా పూర్ణ,
చెప్పులు విప్పి, చెవి కమ్మలు తీసి,
జడ రిబ్బను కూడా నా చేతిలో పెట్టి.

యాభైమూడు మీద ఆరువందల గ్రాములు.

"ఏటమ్మా, బస్తాకి తరుగు తియ్యాలా?"
సావుకారు నవ్వాడు.
దానికి నవ్వు రాలేదు.

తెల్లారితే విశాఖపట్నంలో ట్రయల్సు.
కాలేజీలో ఆటల కోటా సీటు,
హాస్టలు, తిండి, బూట్లు అన్నీ వాళ్ళవే.
యాభైమూడు కేజీల్లో ఒక్కటే ఖాళీ అట,
ఆ పైదాంట్లో రాజాం పిల్లలిద్దరు ఎప్పుడో కుదిరిపోయారట.
కోచ్ గారు ఫోన్లో చెబుతుంటే
వాళ్ళ నాన్న స్పీకరు పెట్టి
అన్నీ తెలిసినట్టు తలాడించాడు,
పెట్టేశాక నన్నడిగాడు:
"కోటా అంటే రేషన్ లాంటిదేనా?"

ఇది పుట్టినప్పుడు కేజీ తొమ్మిదివందలు.
ఘోషాసుపత్రిలో నర్సమ్మ తూచి
"ఇంకో ఆరువందలుంటే భయం లేకపోను" అంది.
ఆ ఆరువందల కోసం
నేను పట్టని ముంత లేదు, ఎక్కని గుమ్మం లేదు.
చోడంబలి, గేదెపాలు, గుడ్డు సొన,
ఇదిగో కాకి ముద్ద, ఇదిగో మేనమామ ముద్ద...
పదిహేడేళ్ళు గ్రాము గ్రాము కూడబెట్టినదాన్ని
ఆ రాత్రి అన్నం గిన్నె మీద మూతేసి
కాపలా కూర్చున్నాను.

పెరట్లో దాని బరువులున్నాయి.
పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి
వాళ్ళ నాన్న చేసినవి.
ఒకటి పది కేజీలు, రెండోది పదీ పావు.
ఆ పావు వల్లే ఎడం చెయ్యి గట్టిపడిందని
ఇది అందరికీ చెప్పుకుంటుంది.
జూట్ మిల్లుకి తాళం పడి ఏడో నెల.
బేళ్ళు మోసిన భుజం
ఊరికే ఉండలేక ఏదో ఒకటి చేస్తుంది.

రాత్రి పదింటికి
నాన్న రెయిన్‌కోటు, పైన నా స్వెట్టరు తొడుక్కుని
చంపావతి వంతెన దాకా పరిగెట్టింది.
వెనక సైకిలు మీద ఆయన, చేతిలో టార్చి.
వచ్చాక నీళ్ళిస్తే పుక్కిలించి ఉమ్మేసింది.
అప్పుడు నాకు తిక్క రేగింది.
"ఈ సీటూ వద్దు, ఏటీ వద్దు. తాగు" అన్నాను.
గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని అంది:
"నువ్వు వద్దనకమ్మా.
వద్దంటే నేననాలి."

పొద్దున్న యాభైరెండూ తొమ్మిదివందలు.
ఎవరో తల ఎత్తకుండానే రాసుకున్నారు.
బయటికొచ్చి అది సీసా ఎత్తి తాగుతుంటే
గుటక గుటకకీ
నా గొంతులో ఏదో దిగింది.

నేను కడ్డీ వైపు చూడలేదు.
ఆయన మోకాళ్ళ వైపు చూశాను.
అక్కడ అది కూర్చుంటే
ఇక్కడ గోడ పక్కన ఈయనా కూర్చున్నాడు,
అది లేస్తే లేచాడు.
మూడోసారి అది లేచింది,
ఈయన లేవలేకపోయాడు.
అలా గొంతుక్కూర్చునే చప్పట్లు కొట్టాడు.
పక్కన అనకాపల్లి పిల్ల తండ్రి ఎవరో
చెయ్యందించి లేపాడు.
వాళ్ళ పిల్లదీ యాభైమూడేనట.

"పేర్లు ఫోన్ చేసి చెబుతాం" అన్నారు.
ఎప్పుడో చెప్పలేదు.

తిరుగు రైల్లో గిన్నె మూత తీశాను.
పులిహోర, నాలుగు గుడ్లు, అడుగున ఉల్లిపాయ పులుసు.
ఎన్ని ముద్దలు తిన్నదో లెక్కెట్టలేదు.
కొత్తవలస దాటేసరికి
గిన్నె అడుగు కనపడింది.

సిగ్నల్ అందదేమోనని
ఆయన ఫోను పట్టుకున్న చెయ్యి
కిటికీ చువ్వల్లోంచి బయటికి చాచాడు.

"పడిపోద్ది నాన్నా" అంది,
నోటి నిండా అన్నంతో.